నీలి తెర చూడగానే ‘ఫార్మాట్ కొట్టేయ్’ అనకండి

కొత్త విండోస్ వేయించిన మర్నాడో, వారానికో కంప్యూటర్ తెరుచుకోనని మొండికేసిందనుకోండి. షాపులో వినిపించే మొదటి మాట ‘ఫార్మాట్ కొట్టేద్దాం సార్, అరగంట పని’. ఆ మాటకు తలూపకండి. చాలాసార్లు చెడిపోయింది సిస్టమ్ లేచే దారి మాత్రమే. పెళ్లి ఫొటోలు, జీఎస్టీ లెక్కలు, పిల్లల ప్రాజెక్టులు డిస్కులో క్షేమంగానే ఉంటాయి. వాటి ప్రాణం తీసేది ఆ తర్వాత కొట్టే ఫార్మాటే. పాత హార్డ్ డిస్కుల కాలంలో పోయినవాటిని ఎంతోకొంత వెనక్కి లాగేవాళ్లు. ఇప్పటి ఎస్‌ఎస్‌డీల్లో ఆ ఆశ దాదాపు లేదు.

ఇప్పుడే ఎందుకీ హెచ్చరిక అంటే, విండోస్ 10కి మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగాయి. దాంతో ఉన్న సిస్టమ్‌కే విండోస్ 11 ఎక్కించే హడావుడి పెరిగింది. నిజానికి అంత కంగారు అక్కర్లేదు. ఇళ్లలో వాడే సిస్టమ్‌ను పొడిగింపు పథకంలో నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు అందుతాయి. కానీ ఈ సంగతి చెప్పే షాపులెన్ని?

అసలు ప్రమాదం కంటికి కనిపించనిది. 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ నుంచి, విండోస్ 11ను కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే, చాలా సిస్టమ్‌లలో డిస్క్ మొత్తం తనంతట తానే ఎన్‌క్రిప్ట్ అవుతుంది. హోమ్ ఎడిషన్‌లోనూ అంతే. ‘చేయమంటారా’ అని గట్టిగా అడగదు. దొంగ చేతిలో పడ్డ ల్యాప్‌టాప్‌కు ఇది మంచి రక్షణే, కాదనలేం. అయితే బయోస్ అప్‌డేట్ చేసినా, సెక్యూర్ బూట్ ఆపినా, మదర్‌బోర్డు మార్చినా విండోస్‌కు అనుమానం వస్తుంది. నీలి తెర మీద బిట్‌లాకర్ (విండోస్ ఎన్‌క్రిప్షన్ పేరు అదే) 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే డిస్క్ ఊడదీసి ఇంకో సిస్టమ్‌కు తగిలించినా ఒక్క ఫైలూ చదవలేరు. పోయిన కీని మళ్లీ తయారుచేసి ఇవ్వడం మైక్రోసాఫ్ట్ వల్ల కూడా కాదు.

ఆ కీ ఎక్కడుంటుంది? మొదట లాగిన్ అయినవారి అకౌంట్‌లో. పని తొందరగా తెమల్చాలని షాపు కుర్రాడు తన మెయిల్ ఐడీతోనే లాగిన్ చేసి ఇచ్చాడనుకోండి, తాళం మీ ఇంటికి, చెవి అతని జేబులో. అతను షాపు మానేస్తే ఎవర్ని అడుగుతారు?

అందుకే సిస్టమ్ బాగా నడుస్తుండగానే, ఈ రోజే, సెట్టింగ్స్‌లో ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’ కింద ‘డివైస్ ఎన్‌క్రిప్షన్’ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే ఫోన్‌లో మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి, డివైసెస్ పేజీలో రికవరీ కీని వెతికి, కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు. ఒక్కో గుంపూ 11తో శేషం లేకుండా భాగింపబడాలి. భాగింపబడలేదంటే రాయడంలో పొరపాటు దొర్లినట్టే. రేపు నీలి తెర వస్తే దాని మీద కనిపించే కీ ఐడీ, మీ అకౌంట్‌లో ఉన్న ఐడీ ఒకటేనో కాదో మొదట సరిచూసుకోవాలి.

కీ అవసరం ఎంతటిదో ఒకసారి ప్రపంచమే చూసింది. 2024 జూలై 19న సైబర్ భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్ దెబ్బకు ప్రపంచమంతటా దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు కూలబడ్డాయి. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే విమాన ప్రయాణికుడికి బోర్డింగ్ పాస్ చేత్తో రాసివ్వాల్సి వచ్చింది. చెడ్డ ఫైలు ఒక్కటి తీసేస్తే సరిపోయే పని అది. ఎన్‌క్రిప్ట్ చేసిన యంత్రాల్లో ఆ ఒక్క ఫైలు దగ్గరికి వెళ్లడానికే కీ కావలసి వచ్చింది, ఐటీ సిబ్బందికి చుక్కలు కనబడ్డాయి.

ఏఎండీ ప్రాసెసర్ ఉన్న సిస్టమ్‌లలో ఇంకో ఉచ్చుంది. ప్రాసెసర్ మార్చాకో, బయోస్ అప్‌డేట్ తర్వాతో నల్ల తెర మీద ‘ఎఫ్‌టీపీఎం రీసెట్ చేయడానికి వై నొక్కండి, వద్దంటే ఎన్ నొక్కండి’ అని ఇంగ్లిష్‌లో వస్తుంది. ఎన్‌క్రిప్షన్ తాళాలు దాచుకునే చోటే ఈ ఎఫ్‌టీపీఎం. బిట్‌లాకర్ ఉంటే కీ లేకుండా సిస్టమ్ లేవదని కూడా అక్కడే రాసి ఉంటుంది. ఎవరు చదువుతారు? వేలు వై మీదికే పోతుంది. కీ చేతిలో లేనంతవరకు ఎన్ నొక్కండి.

మిగతా రోగాలు ఇంత మొండివి కావు. ఇన్‌స్టాలర్ తెరే మళ్లీ మళ్లీ వస్తుంటే పెన్‌డ్రైవ్ తీయడం మరిచారేమో చూడండి. ‘నో బూటబుల్ డివైస్’ అంటే బయోస్‌లో బూట్ వరస, యూఈఎఫ్ఐ-లెగసీ మోడ్ చూడాలి. ‘ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్’ అంటే స్టోరేజ్ సెట్టింగ్‌ను ఎవరైనా కదిపారేమో కనుక్కోండి. పాతదాని మీద అప్‌గ్రేడ్ చేసినవాళ్లకు పది రోజుల్లోపు ‘గో బ్యాక్’ ఉంటుంది, కాబట్టి ఆ పది రోజులూ డిస్క్ క్లీనప్ జోలికి పోవద్దు. సిస్టమ్ వరసగా రెండుసార్లు లేవలేకపోతే రికవరీ తెర దానంతట అదే వస్తుంది. అందులో ‘స్టార్టప్ రిపేర్’, ‘అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్’ ముందు చేయించండి. ‘రిమూవ్ ఎవ్రీథింగ్’ మాత్రం తాకవద్దు. ‘కీప్ మై ఫైల్స్’ ఫైళ్లను ఉంచుతుంది గానీ ట్యాలీ లాంటి ప్రోగ్రాములను ఉంచదు. ఎన్‌క్రిప్ట్ కాని డిస్కయితే ఉబుంటు లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఇన్‌స్టాల్ చేయకుండానే ఫైళ్లన్నీ బయటికి కాపీ చేసుకోవచ్చు. షాపు వాళ్లను ముందుగా ఇదే అడగండి.

ఇంజనీరింగ్ పిల్లలకు ఒక మాట. విండోస్ పక్కన లైనక్స్ పెట్టుకునేటప్పుడు సెక్యూర్ బూట్ ఆపే ముందు బిట్‌లాకర్‌ను సస్పెండ్ చేయండి. 2024 ఆగస్టు విండోస్ అప్‌డేట్ తర్వాత చాలామంది డ్యూయల్ బూట్ లైనక్స్ ‘సెక్యూరిటీ పాలసీ వయొలేషన్’ అని ఆగిపోయింది. దారి చెడిందే తప్ప లైనక్స్ చెరిగిపోలేదు. మళ్లీ ఇన్‌స్టాల్ చేసి ఉన్నది పోగొట్టుకోకండి.

చివరిగా, తెర మీద ఫోన్ నంబర్ కనబడితే అది మోసమే. మైక్రోసాఫ్ట్ ఎర్రర్ సందేశాల్లో ఫోన్ నంబర్ ఉండదు. గూగుల్‌లో వెతికి పట్టిన ‘కస్టమర్ కేర్’ మనిషి ఎనీడెస్క్ లాంటి రిమోట్ యాప్ వేయమన్నా, ఫోన్‌లో ఓటీపీ చదవమన్నా పెట్టేయండి. డబ్బు అప్పటికే పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.