మెర్రీని మేరీ చేశారు

మా అమ్మాయి పట్టుబట్టి "ట్వెంటీ ఫీట్ ఫ్రమ్ స్టార్‌డమ్" అనే డాక్యుమెంటరీ చూపించింది. 2013లో వచ్చింది, ఆస్కార్ కూడా అందుకుంది. పెద్దపెద్ద గాయకుల వెనక నిలబడి కోరస్ పాడేవాళ్ళ కథ. అందులో మెర్రీ క్లేటన్ నన్ను వదలడం లేదు.

న్యూ ఓర్లీన్స్‌లో క్రిస్మస్ రోజున పుట్టిందని ఆ పేరు పెట్టారు. తండ్రి పాస్టరు. చర్చిలో పాడుతూ పెరిగి, రే చార్లెస్ బృందంలో చేరింది. 1969లో ఓ రాత్రి లాస్ ఏంజెలెస్‌లో, పడుకునే వేళకి ఫోను. రోలింగ్ స్టోన్స్ పాటకి ఆడగొంతు కావాలట. ఆవిడ కడుపుతో ఉంది, జుట్టుకి కర్లర్లు. వద్దనుకుంటుంటే భర్తే వెళ్ళమన్నాడు. పైజమా మీదే కోటు వేసుకుని వెళ్ళి పాడొచ్చింది. "గిమ్మీ షెల్టర్" పాటలో ఆ గొంతు జీరపోయే చోట నాకు ఒళ్ళు జలదరించింది. ఆ తర్వాత గర్భం పోయింది. చాలా ఏళ్ళు ఆ పాట వినలేకపోయిందట.

ఇంతా చేస్తే, రికార్డు అట్ట మీద మెర్రీ బదులు మేరీ అని అచ్చేశారు!

1970 నుంచి సొంత ఆల్బమ్‌లు చేసింది. పేరు రాలేదు. "పాపం, అదృష్టం లేదు" అంది మా వదిన. నేనొప్పుకోను. అదృష్టమంటే ఎవరి తప్పూ లేనట్టే కదా! సోల్ అంటే అరీతా ఫ్రాంక్లిన్ ఉందిగా, ఇంకొకరెందుకు అన్నట్టుంది వాళ్ళ వ్యవహారం. మగవాళ్ళకి ఈ లెక్క వేసినట్టు కనపడదు. వెనక పాడినంతకాలం "అబ్బ, ఏం గొంతు" అన్నవాళ్ళే, ముందుకొచ్చి నిలబడితే చెవి పెట్టలేదు.

మా పెద్దత్త గుర్తొచ్చింది. ఇంట్లో ఏ పెళ్ళయినా మంగళహారతి ఆవిడే పాడాలి. మా పెళ్ళి వీడియోలో పాట మొత్తం ఉంది, ఆవిడ మాత్రం ఒక్క క్షణం కూడా కనపడదు. ఇన్నేళ్ళూ నేనూ గమనించలేదు, నా చీర అంచే చూసుకున్నాను.

2014లో కారు ప్రమాదంలో మెర్రీకి రెండు కాళ్ళూ మోకాళ్ళ కింద తీసేశారు. ఆసుపత్రిలో ఆవిడ అడిగింది గొంతు గురించి. 2021లో, 72 ఏళ్ళ వయసులో, "బ్యూటిఫుల్ స్కార్స్" అని గాస్పెల్ ఆల్బమ్ చేసింది. లింకు మా వదినకి పంపాను. ఇంకా విన్నట్టు లేదు.