గీతకు ఇటు అక్క, అటు చెల్లెలు

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి రాష్ట్రం మారింది. ఊరు కదల్లేదు, సుబ్రహ్మణ్యస్వామి కొండా కదల్లేదు. రాష్ట్రాల సరిహద్దుపై పటాస్కర్ ఇచ్చిన సిఫారసుల మీద చేసిన 1959 నాటి చట్టంతో చిత్తూరు జిల్లా ఊరు కాస్తా మద్రాసు రాష్ట్రపు ఊరయింది. ఇప్పుడది తిరువళ్ళూరు జిల్లాలో ఉంది. ఆ సరిహద్దు గీత చుట్టరికాల మధ్య నుంచి పోయింది. పెదనాన్న తిరుత్తణిలో, చిన్నాన్న ఆంధ్ర వైపు నగరిలో ఉన్న తెలుగిళ్ళలో ఆడపిల్లలు నేటికీ అక్కచెల్లెళ్ళే. ఒకే ఇంటిపేరు, ఒకే మాట. ఆపద వస్తే మాత్రం ఇద్దరికీ దిక్కు ఒకటే కాదు.

ఒక లెక్క చూడండి. ఇద్దరికీ 1987లో పెళ్ళయిందనుకుందాం. ఉమ్మడి కుటుంబపు పిత్రార్జితంలో కూతురికీ కొడుకుతో సమానంగా వాటా ఇచ్చే చట్టం ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. తమిళనాడులో అది వచ్చింది 1989 మార్చిలో. రెండు చట్టాల్లోనూ ఒక మెలిక ఉంది: చట్టం వచ్చేనాటికే పెళ్ళయిన కూతురికి వాటా లేదు. నగరి చెల్లెలు పెళ్ళి నాటికి హక్కుదారు. తిరుత్తణి అక్క అదే ఏడు తాళి కట్టించుకొని హక్కు పోగొట్టుకుంది. 2005లో కేంద్ర చట్టం ఆ మెలిక తీసేసేదాకా, అదీ అప్పటికి పంపకాలు జరక్కుండా ఉంటేనే, ఆమె పుట్టింటికి చుట్టం కింద లెక్క. హక్కున్న చెల్లెలు మాత్రం వాటా అడిగిందా అంటే, అన్నతో తగువెందుకని చీరా సారెతో సరిపెట్టుకున్నవాళ్ళే మన ఇళ్ళలో ఎక్కువ. అయినా అడిగితే వచ్చేదాన్ని వదులుకోవడం వేరు, అడగడానికే లేకపోవడం వేరు.

ఆ తేడా ఎంతో తెలియాలంటే ఆపద రావాలి. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. గీతకు అటు పళ్ళిపట్టు, పొదటూరుపేట వైపూ, ఇటు నగరి వైపూ మరమగ్గాల చప్పుడు ఒక్కసారే ఆగింది. మగ్గం ఆగితే కూలి ఆగుతుంది, కూలి ఆగితే మెడలోది కుదువకు పోతుంది. సర్కార్లు ఊరికే చూస్తూ కూర్చోలేదు. బియ్యం కార్డుకు వెయ్యి రూపాయలు తమిళనాడు రేషను దుకాణంలో ఇచ్చింది, ఆంధ్ర వాలంటీరు చేత గడపకు పంపింది. ఆడవాళ్ళ జన్‌ధన్ ఖాతాల్లో కేంద్రం నెలకు 500 చొప్పున మూడు నెలలు వేసింది. ఈ మూడింటిలో వెయ్యి ఇంటి కార్డుకు వచ్చింది, అయిదు వందలు మాత్రం ఆమె పేరున వచ్చాయి. మూడు నెలలకు అదీ ఆగింది. ఆగాక ఎక్కే గడప లేదు, ఎందుకంటే అవి దయతో ఇచ్చినవి. నూరు రోజుల పని అలాంటిది కాదు. అడిగిన పదిహేను రోజుల్లో పని చూపాలి, లేకుంటే భృతి ఇవ్వాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో రాసి ఉండేది. తమిళనాడులో ఆ పనికి వెళ్ళినవాళ్ళలో పదిమందికి ఎనిమిది మందికి పైగా ఆడవాళ్ళే.

పని అడగాలన్నా ఊళ్ళో జవాబు చెప్పే మనిషి ఉండాలి. ఇక్కడ లెక్క తిరగబడింది. తిరువళ్ళూరు జిల్లా పల్లెల్లో 2019 డిసెంబరులో ఎన్నికలు జరిగి కొత్త పంచాయతీలు వచ్చాయి. సరిహద్దు దాటితే 2018 ఆగస్టులో గడువు తీరిన పంచాయతీలకు 2021 ఫిబ్రవరి దాకా ఎన్నికల్లేవు. అప్పట్లో సర్కారు పెట్టిన వాలంటీరు తలుపు తట్టి ఇచ్చి పోయేవాడు, కానీ అతన్ని నిలదీయడానికి ఓటు పనికొచ్చేది కాదు. అలాగని ఎన్నికైతే చాలనీ కాదు. ఇదే తిరువళ్ళూరు జిల్లా ఆత్తుపాక్కంలో దళిత మహిళా అధ్యక్షురాలిని 2020 ఆగస్టు 15న జెండా ఎగరేయనివ్వలేదు. విషయం బయటికి పొక్కాక కలెక్టర్ వెళితే గానీ ఆమె చేత తాడు లాగించలేదు. జెండా తాడే అందని చేతికి పంచాయతీ డబ్బు సంచి ఎలా అందుతుంది?

2023 సెప్టెంబరు 15 నుంచి తమిళనాడు కోటిమందికి పైగా ఇల్లాళ్ళకు నెలకు వెయ్యి ఇస్తోంది. దాని పేరు మగళిర్ ఉరిమై తొగై, అంటే మహిళల హక్కు సొమ్ము. పేరు పెట్టినవారికి నమస్కారం. ఇంటిచాకిరీకి వెల ఉందని ఒక సర్కారు ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. అయితే దానికి అర్జీ పెట్టాలి, ఇంటి ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటకూడదు, అధికారి ఒప్పుకోవాలి. పేరు హక్కు, నడక సాయానిది. మన ఆంధ్రలోనూ అంతే. 2020 నుంచి 45 దాటిన ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ ఆడవాళ్ళకు ఏటా 18,750 రూపాయలిచ్చిన చేయూత పథకం, 2024లో ప్రభుత్వంతోపాటే పోయింది. ఆ డబ్బును నమ్ముకొని గేదెను కొన్న మనిషికి పార్టీ మారితే గేదెకు మేత మారదు.

అక్కకూ చెల్లెలికీ ఒకటే మాట చెబుతాను. ఓట్లకు వచ్చేవాళ్ళను ఎంత ఇస్తావని అడగండి, తప్పులేదు. దాంతోపాటు ఇంకొకటి అడగండి: ఇది చట్టంలో రాస్తావా, నా పేరున రాస్తావా? ఆ మాటకు నీళ్ళు నమిలేవాడు రేపటి ఆపదలో మీ గడప తొక్కడు.