చదివింది మన చెల్లి, సర్టిఫికెట్లు మాత్రం కాలేజీ బీరువాలో!



ఇంటర్ రిజల్ట్స్ వచ్చాయంటే చాలు, మన ఊళ్ళల్లో ఏజెంట్ల తిరుగుడు మొదలవుతుంది. సంతలో పాంప్లెట్లు పంచుతారు. బైపీసీ చదివిన ఆడపిల్లల నంబర్లు ఎక్కడ దొరుకుతాయో గానీ నేరుగా ఇంటికే ఫోన్లు చేస్తారు. "ప్రైవేటు యూనివర్సిటీలోనే నర్సింగ్ స్కూల్ ఉంది, హాస్టల్ ఉంది, ఫీజు గవర్నమెంటే కడుతుంది, ఒరిజినల్స్ తెచ్చి ఇస్తే చాలు" అంటారు. ఈ చివరి మాట దగ్గరే మనం ఆగాలి.

మన గ్రూపులో ఉన్న ఒక చెల్లి ఆ మాట నమ్మే చేరింది. ఏటా కొంత కట్టించుకున్నారు, మిగతాది ప్రభుత్వం ఇస్తుందన్నారు. నాలుగేళ్ళు చదివి పాసైంది. తీరా సర్టిఫికెట్ల కోసం పోతే "రీయింబర్స్‌మెంట్ మాకు రాలేదు, బాకీ కట్టి తీసుకెళ్ళు" అన్నారు. తనని చేర్చుకుంది మేనేజ్‌మెంట్ కోటాలో అని ఆ రోజే ఆమెకి తెలిసింది. సర్టిఫికెట్లు లేకపోతే నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ కాదు. రిజిస్ట్రేషన్ లేకపోతే నర్సు ఉద్యోగం లేదు. ఇప్పుడామె పట్నంలో బట్టల షాపులో పని చేస్తోంది. వాళ్ళ నాన్న అప్పు తీర్చడానికి ఎడ్లు అమ్ముకున్నాడు. మేం నలుగురం వెళ్ళి అడిగితే "రూల్ అంతే" అని పంపించేశారు.

రూల్ అంతే కాదు మిత్రులారా. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. ప్రైవేటు యూనివర్సిటీలూ యూజీసీ కిందికే వస్తాయి. వెరిఫికేషన్ అయ్యాక ఒరిజినల్స్ తిరిగి ఇవ్వాల్సిందే. ఈ సంగతి మనకి ముందే తెలిసుంటే ఆ రోజు అంత తేలిగ్గా వెనక్కి వచ్చేవాళ్ళం కాదు.

మేం నర్సింగ్ వద్దనడం లేదు. ప్రైవేటు యూనివర్సిటీలో చేరొద్దనీ అనడం లేదు. అసలు నర్సులు మనకి కావలసినంతగా ఇంకెవరికి కావాలి? డోలీ కట్టి గర్భిణిని మోసుకుంటూ రోడ్డు దాకా తెచ్చింది మన అన్నదమ్ములే. ఆసుపత్రికి చేరాక నొప్పి ఎక్కడో కోయలోనో, సవరలోనో, కువిలోనో చెప్తుంటే అర్థం కాక విసుక్కున్న సిస్టర్లని చూసింది మన అమ్మలే. సికిల్ సెల్ నిర్మూలనకని కేంద్రం 2023 జులైలో మిషన్ మొదలుపెట్టి 2047 గడువు పెట్టుకుంది. గూడెం గూడెం తిరిగి రక్త పరీక్షలు చేయాలన్నా, ఆ జబ్బు గురించి ఇంటి మనిషిలా చెప్పాలన్నా మన పిల్లలే కావాలి. అందుకే ఒక్క చెల్లి సర్టిఫికెట్ బీరువాలో ఉండిపోతే నష్టం ఆ ఒక్క ఇంటికే కాదు, మనందరిదీ.

రిజర్వేషన్ ఉంది కదా అని మనలో చాలామంది ధీమాగా ఉంటారు. రాజ్యాంగంలోని 15(5) ఆర్టికల్ ప్రైవేటు కాలేజీల్లోనూ మనకి రిజర్వేషన్ ఇవ్వొచ్చంటుంది. 2014లో సుప్రీంకోర్టు అది చెల్లుతుందనీ చెప్పింది. కానీ ఆ ఆర్టికల్ తనంతట తాను సీటు ఇవ్వదు, ప్రభుత్వం చట్టం చేస్తేనే ఇస్తుంది. తెలంగాణలో 2018 ప్రైవేటు యూనివర్సిటీల చట్టంలో 25 శాతం సీట్లు స్థానికులకని ఉంది. స్థానిక కోటా వేరు, ఎస్టీ కోటా వేరు. ఏజెంట్ ఈ రెండింటినీ కలిపేసి చెప్తాడు, జాగ్రత్త.

కాబట్టి డబ్బు కట్టే ముందు ఈ ఐదూ అడగండి:

1. సీటు కన్వీనర్ కోటానా, మేనేజ్‌మెంట్ కోటానా? మేనేజ్‌మెంట్ అయితే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆశ వదులుకోండి. "నీకు మార్కులు తక్కువ" అని భయపెడితే నమ్మొద్దు. బీఎస్సీ నర్సింగ్‌కి జనరల్ వాళ్ళకి 45 శాతం కావాలి, మనకి 40 చాలు.

2. కోర్సు పేరేంటి? ఏఎన్ఎం రెండేళ్ళు, జీఎన్ఎం మూడేళ్ళు, బీఎస్సీ నాలుగేళ్ళు. "నర్సింగ్ అసిస్టెంట్ డిప్లొమా" లాంటివి చదివితే నర్సుగా రిజిస్ట్రేషన్ రాదు.

3. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లిస్టుల్లో ఈ ఏడాది ఆ కాలేజీ పేరుందా? యూనివర్సిటీకి అనుమతి ఉన్నంత మాత్రాన నర్సింగ్ కోర్సుకి ఉన్నట్టు కాదు.

4. ఆసుపత్రి ఎక్కడ? బిల్డింగ్ కాదు, పేషెంట్లు ఉన్నారా? ఒకరోజు ఓపీ టైములో వెళ్ళి చూడండి. ఖాళీ మంచాల దగ్గర నిలబడి ఎవరూ నర్సులు కాలేరు.

5. నాలుగేళ్ళకీ మొత్తం ఫీజు ఎంత? హాస్టల్, యూనిఫాం, పరీక్ష ఫీజులతో సహా కాగితం మీద రాసివ్వమనండి.

"సీటు దొరకడమే కష్టం, ఇన్ని అడిగితే ఎవరిస్తారు?" అని కొందరు అన్నలు అంటున్నారు. వాళ్ళ బాధ మాకు తెలుసు. కానీ సరిగ్గా నడిచే కాలేజీ ఈ ఐదింటికీ పది నిమిషాల్లో జవాబు చెప్తుంది. చెప్పలేక చిరాకు పడేది ఎలాంటి కాలేజీయో అక్కడే తెలిసిపోతుంది.

భారమంతా పిల్లల మీదే వేయడమూ న్యాయం కాదు. అడ్మిషన్లకి ముందే రీయింబర్స్‌మెంట్ వర్తించే నర్సింగ్ కాలేజీల లిస్టు ప్రతి ఐటీడీఏ ఆఫీసులో, ప్రతి గురుకులంలో గోడకి అంటించాలి. స్కాలర్‌షిప్ డబ్బు చదువు అయిపోయేలోగా విడుదల చేయాలి. ఏజెన్సీలోనే ప్రభుత్వ నర్సింగ్ సీట్లు పెంచాలి. ఈ మూడు డిమాండ్లతో వచ్చే గ్రీవెన్స్ రోజున ఐటీడీఏ పీఓ గారికి అర్జీ ఇస్తున్నాం. ఆ చెల్లి సర్టిఫికెట్ల మీద యూజీసీకి ఫిర్యాదు కూడా రాస్తున్నాం. సంతకాలకి రండి.

అప్పటిదాకా ఒక్క మాట. మీ ఊళ్ళో ఎవరైనా చెల్లి నర్సింగ్‌లో చేరబోతుంటే, ఒరిజినల్స్ ఇచ్చే ముందు గ్రూపులో ఒక మెసేజ్ పెట్టండి. నర్సింగ్ చదివిన అక్కలు మనలోనే ఉన్నారు, ఎవరో ఒకరు తోడు వస్తారు.

జై ఆదివాసీ!