పెన్షన్ సరే.. ఆ చిన్ని చేతులకు పని నేర్పేదెవరు?

ఏటా మార్చి 21న ప్రపంచ డౌన్ సిండ్రోమ్ దినం వస్తుంది. 21వ క్రోమోజోమ్ రెండుకు బదులు మూడు ఉండటం వల్ల వచ్చే పరిస్థితి కాబట్టి ఆ తేదీ పెట్టారు. ఆ రోజు సభలు, ఫొటోలు. మర్నాడు ఇంట్లో అదే పిల్లాడు, చొక్కా గుండీ పెట్టుకోలేక అమ్మీ వైపు చూస్తూ.

గుండీ అంటే చిన్న విషయం అనుకోకండి. ఈ పిల్లల్లో కండరాల బిగువు తక్కువ, కీళ్లు వదులు, వేళ్లు పొట్టి. చెంచా పట్టుకోవడం, జిప్ లాగడం, పెన్సిల్ దిద్దడం ఆలస్యంగా వస్తాయి. వీటిని నేర్పేదే ఆక్యుపేషనల్ థెరపీ. చాలామంది దీన్నీ ఫిజియోథెరపీనీ ఒకటే అనుకుంటారు. లేచి నడవడానికి ఫిజియో సాయపడతారు. నడిచొచ్చి తన అన్నం తాను కలుపుకుని తినేలా చేసేది ఈ థెరపిస్టు.

కాగితం మీద దారి బాగానే ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ల దాకా పరీక్షించాలంటుంది, ఆ జాబితాలో డౌన్ సిండ్రోమ్ ఉంది. గుర్తించిన పిల్లల్ని జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. అంటే జిల్లా కేంద్రానికి. ఆటో నడిపే తండ్రికి వారానికి రెండుసార్లు వెళ్లిరావడమంటే రెండు రోజుల సంపాదన పోయినట్టే. మూడు నెలలు తిరిగి మానేస్తే తప్పు ఆయనదా?

2016 వికలాంగుల హక్కుల చట్టం 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య ఇస్తుంది. చేతులు, వేళ్లు పని నేర్చుకునే అసలు వయసు ఆరుకు ముందే. పెన్షన్ తెలంగాణలో 4,016, ఆంధ్రాలో 6,000. కాదనం, కానీ డబ్బు గుండీ పెట్టడం నేర్పదు. మండలాల్లోని భవిత కేంద్రాల్లో వారానికి ఒక్కరోజైనా ఆక్యుపేషనల్ థెరపిస్టు కూర్చోవాలి. అడగాల్సింది ఇదీ.

అడుగుతూనే ఇంట్లో మొదలుపెట్టాలి. చపాతీ పిండి పిసకడం కంటే మంచి వ్యాయామం ఏముంది? పిండిలో రాజ్మా గింజలు దాచి వెతికించండి. బట్టల క్లిప్పులు తీగకు పెట్టించండి. బొటనవేలికి, చూపుడువేలికి బలం వస్తుంది. చెంచా పిడికి గుడ్డ చుట్టి లావు చేస్తే పట్టు దొరుకుతుంది. గుండీ ముందు పెద్దవి, అదీ ఒళ్లో పెట్టుకున్న గుడ్డ మీద. ఆ తర్వాతే ఒంటి మీద. చివరి మెట్టు మాత్రం పిల్లాడికి వదలండి. గుండీ సగం మీరు దూర్చి, లాగడం వాడితో చేయించండి. పూర్తిచేశానన్న ఆనందం వాడికి దక్కుతుంది. దస్తర్‌ఖాన్ పరిచేటప్పుడు ఎవరెవరికి ఎన్ని ప్లేట్లో వాడినే పెట్టమనండి. లెక్క, వరస రెండూ వస్తాయి. గింజలు నోట్లో పెట్టుకునే వయసైతే పక్కన మనిషి ఉండాల్సిందే. ఈ పిల్లల్లో దాదాపు సగం మందికి పుట్టుకతో గుండె లోపం ఉంటుంది, కొందరికి మెడ ఎముకలు వదులు. కాబట్టి డాక్టరు చూడకుండా పల్టీలు, ట్రాంపొలిన్ గెంతులు వద్దు.

అసలు అడ్డం మన ప్రేమే. ఏడేళ్లొచ్చినా దాదీ 'బచ్చా హై' అంటూ ముద్దలు పెడుతుంది. ఆడపిల్లయితే 'ఎటూ ఇంట్లోనే ఉంటుంది కదా' అని థెరపీకే తీసుకెళ్లరు. ఇంట్లో ఉండే పిల్లకే తన పని తాను చేసుకోవడం ఇంకా ఎక్కువ అవసరం కాదా?

ఇంకోటి. నేషనల్ ట్రస్ట్ నడిపే నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా ఇస్తుంది, అందులో థెరపీ ఖర్చుకూ కొంత పరిమితి ఉంది. మేధో వైకల్య సర్టిఫికెట్ ఉన్న మన పిల్లలు దీనికి అర్హులే. హైదరాబాద్ చుట్టుపక్కల వాళ్లకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ కూడా ఉంది. సర్టిఫికెట్ ఇంకా తీసుకోకపోతే ఈ వారమే యూడీఐడీ కార్డుకు దరఖాస్తు పెట్టండి, మిగతావన్నీ దాని తర్వాతే.