తప్పు వాడిది, బోనస్ నాది

మొన్న శనివారం పొద్దున్నే చూస్తే, రోడ్డు వారగా పెట్టిన నా కారు వెనక బంపరు వేలాడుతోంది. గుద్దినవాడెవడో తెలీదు. వాచ్‌మన్ గారు మంచి నిద్రలో ఉన్నారట.

ఆగున్న బండిని గుద్దితే తప్పెవరిదో నా మూడేళ్ళ కూతురు కూడా చెప్తుంది. మోటారు వాహనాల చట్టం (1988) ప్రకారం వాడికి థర్డ్ పార్టీ బీమా ఉండి తీరాలి. నా నష్టం అందులోంచే రావాలి. కానీ నంబరు దొరికినా పోలీసు కంప్లయింటు, ట్రిబ్యునల్... పన్నెండు వేల బంపరు కోసం ఎవడు తిరుగుతాడండీ!

సరే, నా పాలసీ మీదే క్లెయిమ్ చేద్దామని లెక్కేశాను. ప్లాస్టిక్కు కాబట్టి తరుగు 50 శాతం పోయింది. తప్పనిసరి కోత ఇంకో వెయ్యి. చేతికొచ్చేది 5,000. జీరో డిప్రిసియేషన్ తీసుకోకపోవడం నా బద్ధకం, ఒప్పుకుంటాను.

ఇప్పుడు అసలు కథ. నాకు 50 శాతం నో క్లెయిమ్ బోనస్ ఉంది. క్లెయిమ్ చేస్తే వచ్చే ఏడు సున్నా. తర్వాత వరసగా 20, 25, 35, 45, మళ్ళీ 50. ఓన్ డ్యామేజ్ ప్రీమియం ఏటా 10,000 అనుకుంటే నాకు పడే బొక్క 12,500!

"అది నో క్లెయిమ్ బోనస్ సార్, నో ఫాల్ట్ బోనస్ కాదు" అన్నాడు కాల్ సెంటర్ కుర్రాడు. స్తంభానికి గీరుకుని ఎవడో గుద్దాడనేవాళ్ళు ఉంటారు, నిజమే. మరి సీసీటీవీలో వాడి నంబరు కనబడినా ఇదే రూలేమిటి? గుద్దినవాడి మీద వసూలు చేసుకునే హక్కు కంపెనీకి ఉంది, లాయర్లూ ఉన్నారు. వాళ్ళు తిరగొచ్చుగా?

పైగా, బోనస్ పోకుండా ఉండటానికి ఇంకో యాడ్-ఆన్ అమ్ముతారట. నేను క్లెయిమ్ చెయ్యలేదు. బంపరుకి తాడు కట్టాను.