సోషల్ పుస్తకంలో మాటలు, భవానీపురం దగ్గర నీళ్లు

డీఎస్సీకి, గ్రూప్స్‌కి చదువుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ప్రజా ప్రయోజనం, గ్రామసభ, స్థూల దేశీయోత్పత్తి, సుస్థిరాభివృద్ధి... ఈ మాటలన్నీ మీకు నోటికొచ్చు. వాటిని ఒక్కసారి పుస్తకంలోంచి తీసి, విజయవాడ భవానీపురంలో కృష్ణ ఒడ్డున పెట్టి చూడండి.

భవానీపురానికి ఎగువన, ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం ఉంది. పట్టిసీమలో ఎత్తిపోసిన గోదావరి నీళ్లు 2015 నుంచి పోలవరం కుడి కాలవ మీదుగా వచ్చి అక్కడే కృష్ణలో కలుస్తున్నాయి. ప్రకాశం బ్యారేజీ కింద సుమారు 13 లక్షల ఎకరాల ఆయకట్టు. కృష్ణకు ఎగువ నుంచి నీళ్లు ఆలస్యమైన ఏడాది డెల్టా నాట్లకు ఈ నీళ్లే దిక్కు. ఆ రైతు అవసరం నిజం. ఆయన మనకు శత్రువు కాదు. పోలవరం పూర్తయితే 80 టీఎంసీలు మోటార్లు లేకుండానే డెల్టాకు పారాలన్నది ప్లాను. ఆ రిజర్వాయర్ నిండేది మాత్రం మన కోయ, కొండరెడ్ల ఊళ్ల మీద.

ఇప్పుడు మాటల సంగతికొద్దాం.

ప్రజా ప్రయోజనం: భూసేకరణకు తాళంచెవి ఈ మాటే. నీళ్లు అందేవాళ్లూ ప్రజలే, ఊరు మునిగేవాళ్లూ ప్రజలే. పోలవరం కోసం లక్షకు పైగా కుటుంబాలు ఊళ్లు వదలాలి. వాళ్లలో పెద్ద భాగం ఆదివాసీలు. ప్రయోజనం ఒకరికి, త్యాగం ఇంకొకరికి అయినప్పుడు 'ప్రజ' అనే మాటలో మనం ఉన్నామా లేమా అని అడగాలి.

గ్రామసభ: షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకునే ముందు గ్రామసభను సంప్రదించాలని 1996 పెసా చట్టం చెప్పింది. 2013 భూసేకరణ చట్టం ఇంకో మెట్టెక్కి, ముందస్తు సమ్మతి కావాలంది. సంప్రదింపు వేరు, సమ్మతి వేరు. చెప్పి వెళ్లిపోవడం ఒకటి, అడిగి జవాబు కోసం ఆగడం ఇంకొకటి. అదే 2013లో, సుప్రీంకోర్టు ఆదేశం మీద ఒడిశా నియమగిరిలో 12 గ్రామసభలు కూర్చున్నాయి. పన్నెండూ బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి. తవ్వకం ఆగింది.

స్థూల దేశీయోత్పత్తి: డెల్టాలో పండిన వడ్లు మిల్లుకెళ్తాయి, బిల్లు పడుతుంది, లెక్కకెక్కుతాయి. మన చింతపండు, అడ్డాకు, వెదురు కొమ్ములు, ఏటి చేప ఇంట్లోనే తింటే చాలామటుకు ఏ బిల్లులోనూ ఉండవు. లెక్కలో లేనిది పోతే నష్టం కూడా లెక్కలో ఉండదు. ఒకరి లాభం కోసం మూడోవాడి మీద పడే ఖర్చును అర్థశాస్త్రం 'బాహ్య వ్యయం' అంటుంది. ఇక్కడ ఆ మూడోవాడు మనమే. ప్యాకేజీ కాగితంలో ఇల్లుంటుంది, పొలం ఉంటుంది. ఇప్పపువ్వు రాలే నెల ఉండదు.

సుస్థిరాభివృద్ధి: రాబోయే తరాల అవసరాలకు గండి కొట్టకుండా నేటి అవసరాలు తీర్చుకోవడం. 1987లో బ్రంట్‌లాండ్ కమిషన్ ఇచ్చిన నిర్వచనం ఇది. ఐక్యరాజ్యసమితి 2015లో 17 లక్ష్యాలు పెట్టి, ఎవర్నీ వెనక వదలొద్దంది. మన దగ్గరేమో ఎగువ కాఫర్ డ్యామ్ అడ్డం పడ్డాక, 2021లో దేవీపట్నం మండలంలో ఊళ్లు మునిగాయి. పునరావాసాన్ని దశలుగా కోసి 41.15 మీటర్ల కాంటూరు లోపల ముందు, పైన తర్వాత అన్నారు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. వరదకు కాంటూరు గీత కనబడదు.

ఇంకో మాట. డెల్టాలోని యానాదులు, ఎరుకలు కూడా షెడ్యూల్డ్ తెగలే. కానీ వాళ్లుండేది షెడ్యూల్డ్ ప్రాంతం కాదు, కాబట్టి పెసా వాళ్లకు వర్తించదు. గోదావరి నీళ్లు పారే కాలవ గట్టు మీదున్నా వాళ్లకు ఆ నీళ్లు పారించుకునే పొలం ఉండటం అరుదు. మన మాటల్లో వాళ్లూ ఉండాలి.

పరీక్షలో నిర్వచనం రాయండి, మార్కులు తెచ్చుకోండి, ఉద్యోగం కొట్టండి. సెలవుకి ఊరెళ్లినప్పుడు మాత్రం గ్రామసభ తీర్మానాల పుస్తకం తెరిపించండి. మీ ఊరి పేరు మీద సమ్మతి రాసి ఉందా? ఏ తేదీన? ఎవరి సంతకాలు? ఇవ్వనంటే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. రేపు మీలో ఎవరో ఒకరు అదే ఆఫీసులో కుర్చీలో కూర్చుంటారు. ఆ రోజు మీ ముందుకొచ్చిన ఫైలు మీద 'ప్రజా ప్రయోజనం' అని రాసుంటే, సంతకానికి ముందు ఆ ప్రజలెవరో చదివి చూడండి.