సాయంత్రమైతే సొమ్మసిల్లే వైఫై డబ్బాలు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల పల్లెల్లో ఇంటర్‌నెట్ పెట్టించుకున్న ఇళ్లకు ఈ అవస్థ కొత్తది కాదు. పగలంతా బుద్ధిగా పనిచేసిన వైఫై డబ్బా, రాత్రి ఏడు దాటేసరికి మొరాయిస్తుంది. టీవీలో సినిమా, పెద్దవాళ్ల చేతుల్లో ఫోన్లు, పిల్లవాడికి ఆన్‌లైన్ పాఠం, పక్క గదిలో కంపెనీ పనికి కూర్చున్న కొడుకు ల్యాప్‌టాప్ - అన్నీ ఒక్కసారి మొదలయ్యేసరికి డబ్బా దీపాలు ఆరిపోయి మళ్లీ వెలుగుతాయి. లేదా దీపాలు వెలుగుతూనే ఉంటాయి గాని ఒక్క అక్షరం కదలదు. స్విచ్చి ఆపి వేస్తే అరగంట నడుస్తుంది, మళ్లీ అదే కథ.

మరునాడు పొద్దున కేబుల్ ఆపరేటర్ వస్తాడు. తన ఫోనులో ఒక వీడియో తెరిచి చూసి, "నెట్ బాగానే ఉందే!" అని వెళ్లిపోతాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆ వేళకు డబ్బా మీద ఉన్నది ఒక్క ఫోను బరువే. చిక్కంతా ఇక్కడే ఉంది. బరువు మోసేటప్పుడు మాత్రమే బయటపడే లోపాన్ని బరువు దించి వెతుకుతున్నారు. ఖాళీ బండిని నాలుగడుగులు తోలి, ఇరుసు గట్టిదే అని చెప్పినట్లుంది.

దీనివల్ల నష్టపోతున్నది వినియోగదారుడు. లోపం దొరకనప్పుడు వచ్చే సలహాలు రెండే: ఇంకా పెద్ద ప్లాను వేసుకోండి, లేదా డబ్బా మార్చండి. పెద్ద ప్లాను వేస్తే బలహీనమైన డబ్బా మీదికి ఇంకా ఎక్కువ బరువు వచ్చి పడుతుంది. చెరువు తూము చిన్నదైనప్పుడు కాలువ వెడల్పు చేసి లాభమేమిటి?

ఈ బరువు ఎంత పెరిగిందో గుర్తు చేసుకోవాలి. రాష్ట్ర ప్రభుత్వపు ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి నెట్, టీవీ, టెలిఫోను మూడూ కలిపి నెలకు 149 రూపాయలకే ఇస్తామన్న రోజులవి. పల్లె ఇంట్లో అప్పటికి ఒకటో రెండో ఫోన్లు. 2020లో కరోనా వచ్చి బడులు మూతపడ్డాక పాఠాలు ఇంటికే వచ్చాయి. బెంగుళూరు, హైదరాబాదుల్లో ఉద్యోగం చేసే పిల్లలు ఊళ్లకు వచ్చి కంపెనీ పని ఇంట్లోనే చేశారు. ఇంజనీరింగ్ సీటుకు ఆప్షన్లు పెట్టుకునేదీ నెట్‌లోనే. గడువు చివరి రాత్రి డబ్బా పడిపోతే, పోయేది సినిమా ఒక్కటే కాదు.

నిజానికి ఈ పరీక్ష రైతుకు తెలియనిది కాదు. బోరు మోటారు ఆగితే ఎవరూ వెంటనే కొత్త మోటారు కొనరు. ముందు ఫీజు చూస్తారు, వోల్టేజి చూస్తారు, స్టార్టరు చూస్తారు, ఆ తర్వాతే మోటారు పైకి తీస్తారు. వైఫై డబ్బా దగ్గరికి వచ్చేసరికి ఆ వరుసంతా మరిచిపోతున్నారు.

మొదట చూడవలసింది పడిపోయిన క్షణంలో దీపాల తీరు. ఎర్ర దీపం వెలిగితే లోపం సాధారణంగా బయటి తీగలో ఉన్నట్లు, అది ఆపరేటర్ పని. దీపాలన్నీ ఒక్కసారి ఆరి మళ్లీ వెలిగితే మొదటి అనుమానం అడాప్టర్ మీద, అంటే చార్జరు మీద పెట్టాలి. ఎక్కువమంది దాని వైపే చూడరు. ఇళ్లల్లో వాడే చాలా డబ్బాలకు 12 వోల్టుల అడాప్టర్ ఉంటుంది. దాని లోపలి కెపాసిటర్లు ఏళ్ల తరబడి వేడికి ఎండిపోతాయి. డబ్బాకు పని తక్కువగా ఉన్నంతసేపూ అది నెట్టుకొస్తుంది. అందరూ ఒక్కసారి వాడేసరికి డబ్బా ఎక్కువ కరెంటు లాగుతుంది, వోల్టేజి జారిపోతుంది, డబ్బా ఆగి మళ్లీ మొదలవుతుంది. దీన్ని ఉత్తగా మీటరు పెట్టి కొలిస్తే చక్కగా 12 వోల్టులు చూపి మోసం చేస్తుంది. మోటారుసైకిలు సైడు లైటుకు వాడే 12 వోల్టుల, 10 వాట్ల బల్బు లాంటిది తగిలించి, అది వెలుగుతుండగా కొలిస్తే గుట్టు బయటపడుతుంది. టీవీలు బాగుచేసే మెకానిక్కుకు ఇది అయిదు నిమిషాల పని. కొత్త అడాప్టర్ కొనేటప్పుడు వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతే గాని ఎక్కువ గాని ఉండాలి, పిన్ను కూడా అదే రకం కావాలి. చేతికి దొరికిన చార్జరు గుచ్చితే ఉన్న డబ్బా కూడా పోతుంది.

దీపాలు వెలుగుతూనే డబ్బా బిగుసుకుపోతుంటే వేడిని అనుమానించాలి. ఇళ్లల్లో వాడే చాలా డబ్బాలను 40 డిగ్రీల వరకు వేడికే తయారుచేస్తారు. ఈ జిల్లా ఎండల్లో ఆ హద్దు బయటే దాటిపోతుంది. మిద్దె ఇల్లు పగలు పీల్చిన వేడిని వదిలేది సాయంత్రమే. ఇంటిల్లిపాదీ ఫోన్లు పట్టుకునేదీ ఆ వేళకే. పడమటి గోడ గూట్లో, కడప బండ మీద, సెట్‌టాప్ బాక్సు నెత్తిన డబ్బాను ఎక్కించి, దుమ్ము పడకుండా అల్లిక గుడ్డ కప్పే ఇళ్లు కూడా ఉన్నాయి! గుడ్డ తీసి, గాలి ఆడే చోట పెట్టి, ఒక సాయంత్రం టేబులు ఫ్యాను తిప్పి చూస్తే తేలిపోతుంది. ఆ రోజు పడకపోతే జబ్బు వేడిదే. ఖర్చు ఒక్క పైసా లేదు.

మూడోది లెక్కల పుస్తకం. ప్రతి ఫోను బయటి ప్రపంచంతో నడిపే ప్రతి వ్యవహారాన్నీ డబ్బా తన జ్ఞాపకంలో రాసుకుంటుంది. పెళ్లిళ్ల కాలంలో ప్రొద్దుటూరు బంగారు అంగట్లో గుమాస్తాకు పుటలు చాలనట్లే, దీనికీ చోటు నిండిపోతుంది. ముఖ్యంగా టోరెంటులో సినిమాలు దించుకునే కుర్రవాడు ఒక్కడుంటే చాలు, వందల పద్దులు తెరుస్తాడు. డబ్బా పడిపోయే వేళలో ఒక్కొక్క పరికరాన్నీ ఆపుతూ పోతే దోషి దొరుకుతాడు. డబ్బా లోపలి సాఫ్ట్‌వేరును తాజా చేయించినా కొన్నిటికి నయమవుతుంది. అది జరుగుతుండగా కరెంటు తీయకూడదు.

కొన్నిసార్లు డబ్బా పడిపోనే పడిపోదు. ఎవరి ఫోనో వందల ఫోటోలు పైకి పంపుతుంటే మిగతావారికి దారి మూసుకుపోయి, డబ్బా చచ్చిందనిపిస్తుంది. డబ్బా అడుగున చీటీ మీద ఉండే అంకెలను ఫోను బ్రౌజరులో కొడితే దాని సొంత పేజీ తెరుచుకుంటుంది. తెరుచుకుంటే డబ్బా బతికే ఉంది. ఎంతసేపటి నుంచి నడుస్తున్నదో కూడా చాలావాటిలో అక్కడే కనబడుతుంది. నిన్నటి నుంచి ఆపని డబ్బా పది నిమిషాలే చూపితే, దానంతట అదే ఆగి లేచిందన్నమాట. ఆపరేటర్‌కు చూపడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు.

వెనుక ఉండే రీసెట్ చిల్లులో మాత్రం పుల్ల పెట్టరాదు. కాసేపు నొక్కి పట్టుకుంటే ఆపరేటర్ పెట్టిన వివరాలన్నీ చెరిగిపోయి, ఉన్న నెట్ కూడా పోతుంది.

ఇక ఆపరేటర్లు చేయవలసింది పెద్దదేమీ కాదు. రాత్రి ఏడింటికి వచ్చిన ఫిర్యాదును రాత్రి ఏడింటికే వచ్చి చూడాలి. సంచిలో మంచి అడాప్టర్ ఒకటి ఉంచుకుని, దాన్ని రెండు రోజులు పెట్టి చూశాకే కొత్త డబ్బా మాట ఎత్తాలి. ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయపు ఇంజనీరింగ్ కళాశాల ఉంది, పులివెందులలో జె.ఎన్.టి.యు. కళాశాల ఉంది. ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలు ఏప్రిల్, మే నెలల్లో మండలానికి ఒక రోజు మీటర్లతో, బల్బులతో కూర్చుంటే, పల్లెలవాళ్లు తమ అడాప్టర్లు జేబులో వేసుకుని వచ్చి చూపించుకుంటారు.